పాడ్యమి బిల్లులు

వాసుదేవ్ అమావాస్య నాడు కలం పట్టడు. అంగడి తెరుస్తాడు, లక్ష్మీదేవి పటానికి దీపం పెడతాడు, గడప మీద నిమ్మకాయ కోస్తాడు, ఎవరైనా వస్తే గిన్నో చెంబో అమ్ముతాడు కూడా. బిల్లు అడిగితే మాత్రం ‘రేపు రాసిస్త లే, ఏడికి పోత?’ అంటాడు. ఆ రోజు రాసిన అక్షరం అచ్చిరాదని వాళ్ళ నాయన చెప్పిపోయాడు. ఆ లోటు తీర్చుకోవడానికన్నట్టు దీపావళి పాడ్యమి నాడు మాత్రం కూర్చుంటే లేవడు. పసుపు కుంకుమ పెట్టిన కొత్త బిల్లు పుస్తకంలో ఆ రోజు ఎన్ని ఆకులు నిండితే అంగడి ఏడాదంతా అంత నిండుగా ఉంటుందని ఆ ఇంటి నమ్మకం. అందుకని ముందే చెప్పిపెట్టుకున్న సామాను ఇంకా కంపెనీ గేటు దాటకపోయినా సరే, దాని బిల్లు పాడ్యమి తారీఖుతో తయారైపోతుంది. ఇందులో ఎవరినీ ముంచాలని లేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడం అంటే ఏమిటో అతనికి ఈమధ్యనే తెలిసివచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున అతను అంగడి ముందు గోనెపట్టా పరుచుకుని, ఒక పెళ్ళివారి బిందెల మీద పేర్లు చెక్కుతున్నాడు. బిందెను ఒళ్ళో పడుకోబెట్టి, ఎడమచేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ, కుడిచేత్తో కరెంటు సూదిని ఆనిస్తున్నాడు. సూది జుయ్యిమంటూ వణుకుతుంటే స్టీలు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు లేస్తున్నాయి. కన్నడంలో కావాలంటే కన్నడంలో, తెలుగులో కావాలంటే తెలుగులో చెక్కుతాడు. ఏ భాషలో చెక్కినా ముందు ఒక శ్రీకారం పెట్టి, దాని తోకను పేరు కింద చివరిదాకా లాగుతాడు. రాయచూరు బజారులో ఇంకెవరూ అంత తోక లాగరు. బోర్లించిన గిన్నెల వరసలో నుంచి ‘ఇది వాసుదేవ్ చేసింది’ అని ఆడవాళ్ళు చూడగానే చెప్పేస్తారు.

మోటారు సైకిల్ ఆగింది. దిగినవాడు హనుమేశ్. నిత్యకళ కుక్కర్ల కంపెనీ తరఫున ఈ జిల్లా అంగళ్ళన్నీ తిరిగి చూసుకునే మనిషి. చేతిలో మిఠాయి డబ్బా ఉంది.

“వాసన్నా, ముగీతు! అయిపోయింది! ఇంక నిమ్మళంగ నిద్ర పో. నిన్న సాయంత్రం ఆర్డర్ వచ్చింది. మా కంపెనీ మీది కేసు వజా.”

“కొట్టేసిండ్రా?”

“కొట్టేసిండ్రు. నలభై ఒక్కమందిదీ ఒక్క దెబ్బకే.” హనుమేశ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “మీ బిల్లుల మీద తారీఖు అక్టోబర్ ఇరవై ఒకటి. కుక్కర్ అడుగున కంపెనీ గుద్దిన ముద్ర నవంబర్ నెలది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమా అని మా వకీలు అడిగిండు. జవాబు ఏముంటది? తయారుగాని కుక్కర్‌కు బిల్లు ఎట్ల వస్తది? బిల్లులు ఈ కుక్కర్లవి కావు, ఆ ఆడోళ్ళు యాడనో సస్తా మాల్ కొనుక్కొచ్చి పాత బిల్లులు అంటగట్టిండ్రు అని తేలిపాయె.”

“అట్ల రాసిండ్రా కాగితం మీద?”

“అట్లనే అనుకో. తీసుకో అన్నా, కాజూ బర్ఫీ.”

వాసుదేవ్ ఒక ముక్క తీసుకున్నాడు. తీసుకోకపోతే బాగుండదని తీసుకున్నాడు, చేతిలో పట్టుకుంటే బాగుండదని నోట్లో వేసుకున్నాడు. అది కరగకుండా దవడకు అంటుకుంది.

“అన్నా, ఆ లారీ రసీదు కాల్చినవ్ గదా?”

“ఎప్పుడో.”

ఆ మాట చెప్పిన నోటితోనే బర్ఫీ మింగాడు. ఆ రసీదు అతని మోకాలి పక్కనే ఉంది. సూదులు పెట్టుకునే చెక్కడబ్బాలో, అడుగున, నాలుగు మడతలుగా. కుక్కర్ల పెట్టెలు కంపెనీ నుంచి అతని అంగడికి చేరింది నవంబరు ఇరవై ఏడున అని దాని మీద లారీ ఆఫీసు ముద్ర ఉంది. ఆ ఒక్క కాగితం కోర్టులో పెట్టి, ‘అయ్యా, బిల్లులు ముందు రాసింది నేనే, సామాను తర్వాత ఇచ్చింది నేనే’ అంటే సోమలింగం కథ అక్కడితో సరి. కాని బిల్లులు ముందు తారీఖుతో రాశానని కోర్టులో ఒప్పుకుంటే అమ్మకం పన్ను వాళ్ళు వచ్చి పదేళ్ళ పుస్తకాలు తిరగేస్తారని, ఏజెన్సీ కూడా ఊడుతుందని హనుమేశ్ మూడు నెలల కిందట ఇదే స్టూలు మీద కూర్చుని చెప్పాడు. కాల్చెయ్యమన్నాడు. వాసుదేవ్ కాల్చలేదు, చూపించనూ లేదు. సూది మార్చడానికి డబ్బా తెరిచిన ప్రతిసారీ అది కనపడుతూనే ఉంది.

హనుమేశ్ వెళ్ళిపోయాక మళ్ళీ బిందె ఒళ్ళోకి తీసుకున్నాడు. పెళ్ళికూతురి పేరులో గుడి పెట్టాల్సిన చోట సూది జారి గీత పక్కకు పోయింది. ముప్పై ఏళ్ళలో అతను అక్షరం పాడుచేసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ బిందెను పక్కన పెట్టేసి, కొత్తది తెచ్చుకుని మొదటి నుంచి చెక్కాడు.

మధ్యాహ్నం అంగడి వెనకే ఉన్న ఇంట్లోకి అన్నానికి వెళ్ళినప్పుడు మిఠాయి డబ్బా కూడా తీసుకెళ్ళాడు. భార్య కమలమ్మ దాని మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసింది.

“ఏమాయె, కేసు కొట్టేసిండ్రా?”

“నీకెవరు చెప్పిండ్రు?”

“కుక్కర్లోడు మిఠాయి తెస్తె ఇంకేముంటది?” కంచంలో జొన్నరొట్టె వేసింది. “ఆ నాడు ఆమె బత్తాయిలు తెచ్చింది, ఈ నాడు ఆయన బర్ఫీ తెచ్చిండు. మన ఇంటికి మంచిగనే వస్తున్నయి తినుబండారాలు.”

అతను రొట్టె తుంచుకున్నాడు. ఆమె అన్నది శక్తినగర్ వెంకటరత్నమ్మ మాట. థర్మల్ ప్లాంటు క్వార్టర్లలో ఉంటుంది, కోస్తా నుంచి వచ్చి సిరవార దగ్గర స్థిరపడిన క్యాంపు రైతుల ఆడపడుచు. తమ లైన్లలో నలభై ఒక్కమందిని కూడగట్టి, అందరికీ ఒకేచోట కుక్కర్లు కొనిపించింది ఆమె. కొన్న తర్వాతి ఎండాకాలం, వాళ్ళలో ఒకామె జయాబాయి కుక్కర్ మూత ఎగిరి ఉడికే పప్పు చేతి మీద పడ్డప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆమె. ఇంకో ఆరిళ్ళలో మూతలు లేచాక, అందరి తరఫునా వినియోగదారుల కోర్టులో కంపెనీ మీద కేసు వేసింది కూడా ఆమే. అంగడిని కూడా కేసులో చేర్చాలని వకీలు పట్టుబట్టాడట. ‘వద్దన్నాను అన్నయ్యగారూ. చేసింది వాళ్ళు, మధ్యలో మీరేం చేస్తారు పాపం’ అని అంగడికి వచ్చి మరీ చెప్పిపోయింది.

తారీఖుల తిరకాసు బయటపడ్డాక, సాక్ష్యానికి రమ్మని ఆమే కబురు పెట్టింది. వస్తానన్నాడు. వాయిదా నాడు తెల్లవారే బస్సెక్కి కవితాళ సంతకు పోయి, పొద్దంతా ఎవరో తెలిసినవాళ్ళ అంగడి అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రం ఇంటికి చేరీ చేరగానే, ఆమె వస్తున్నదని తెలిసి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

“ఆ నాడు నాతోని కూడ అబద్ధమాడిపిచ్చిండ్రు,” అంది కమలమ్మ. “జ్వరమని నా నోటితోని చెప్పిన. ఆమె తెచ్చిన బత్తాయిలు నేనే ఒలిచి మీకు పెట్టిన. ఆమె మంచం పక్కన కూసోని మీ నొసలు మీద చెయ్యి పెట్టి చూసింది. యాది ఉన్నదా?”

యాది ఉంది. దుప్పటి కింద చెమటతో నుదురు తడిసిపోయి ఉంటే, ‘చెమట పట్టింది, తగ్గిపోతుందిలెండి’ అని వెళ్ళిపోయింది ఆ మహాతల్లి. అతను సగం రొట్టె కంచంలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాడు. కమలమ్మ ఇంకో రొట్టె వేసుకొమ్మని అనలేదు. మిఠాయి డబ్బా వాకిట్లో పాచిపని చేసే గౌరవ్వ చేతికిచ్చి పంపేసింది.

శనివారం ఎండ ఎక్కే వేళకు జయాబాయి అంగడికి వచ్చింది. భర్త ప్లాంటులో బూడిద లారీల దగ్గర పని చేస్తాడు. చంకలో పాత చీరలో మూటకట్టిన బరువేదో ఉంది. దానిని బల్ల మీద ఎడమచేత్తోనే పెట్టి, ఎడమచేత్తోనే ముడి విప్పింది. కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా నున్నగా మెరుస్తోంది, చివరి రెండు వేళ్ళు వంగి అట్లాగే అతుక్కుపోయాయి. మూటలో నుంచి కుక్కర్ బయటపడింది. మూత అంచు ఒకవైపు వంకరపోయి ఉంది. ఒంటి మీద తోక లాగిన శ్రీకారం, దాని మీద ‘జయాబాయి’.

“సావ్కార్, దీని మీద నా పేరు తీసెయ్యుండ్రి.”

“ఎందుకమ్మా?”

“గుజిరీకి ఏస్త. పాత ఇనుముల పోతది. పేరు ఉంటె గుజిరీవాడు సుత చదివి నవ్వుతడు.” కొంగుతో మెడ తుడుచుకుంది. “కోర్టుల దొంగమాల్ అని రాసిండ్రంట గదా. మా ఆయన అది ఇంట్ల ఉంటె అన్నం తిననంటుండు. నా సంసారంల నేను దొంగతనం ఎన్నడు చెయ్యలే సావ్కార్. చెయ్యి కాలింది నాదే, దొంగనయింది నేనే.”

వాసుదేవ్ కుక్కర్‌ను తనవైపు తిప్పుకున్నాడు. ఈ పేరు చెక్కిన రోజు అతనికి కళ్ళకు కట్టినట్టుంది. డిసెంబరు మొదట్లో టెంపోలో పెట్టెలు వేసుకుని శక్తినగర్ పోయాడు. వెంకటరత్నమ్మ ఇంటి వరండాలో తీగ లాగి మిషన్ తగిలించి, పొద్దుగూకేదాకా నలభై ఒక్క పేర్లు చెక్కాడు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ‘నాది ముందు, నాది ముందు’ అని నవ్వులు. జయాబాయి తన పేరును వేలితో మూడుసార్లు తడిమి చూసుకుంది. అప్పుడు ఆ వేలు బాగానే ఉంది.

“ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు,” అంది జయాబాయి. “మీరు టెంపోల తెచ్చింది డిసెంబర్ల గదా? చలి పెట్టుండె. నేను సెట్టర్ ఏసుకోనుంటి. కోర్టుల ఆ వకీలు, లేదు, బిల్లు చూడు, వారంటీ కార్డు చూడు, మీ అర్జీ చూడు, అన్నిట్ల అక్టోబరే ఉన్నది, నీకు మతి లేదా అని నలుగుర్ల అడిగిండు. మా వకీలు బిల్లు చూసే రాసిండంట అర్జీ. అప్పటిసంది నాకు అనుమానం. నాకే యాది తప్పిందా సావ్కార్? నేనే పిచ్చిదాన్నయినా?”

ఒక్క మాట. ‘లేదమ్మా, నీ యాది సరిగ్గనే ఉంది’ అంటే సరిపోయేది. వాసుదేవ్ చెయ్యి పోయి, పాత గీతలు తుడిచే రాపిడి చక్రం స్విచ్ వేసింది. ఆ రొదలో జవాబు చెప్పే అవసరం తప్పింది. కుక్కర్‌ను చక్రానికి ఆనించాడు. నిప్పురవ్వలు లేచాయి. ‘జ’ మొదటి మెలిక పోయింది, వంపు సగం పోయింది.

జయాబాయి చక్రం రొదను మించి గొంతు పెంచి చెబుతూనే ఉంది. “రత్నమ్మ కంపెనీవాళ్ళ దగ్గర పైసలు తిన్నదని లైన్లన్నీ కోడై కూస్తున్నయి సావ్కార్! లేకుంటె మిమ్మల్ని సమన్లు పంపి ఎందుకు పిలిపియ్యలే అని! నేను నమ్మ! కాని అడిగితె ఆమె ఏం మాట్లాడదు! నిన్న ఉలిగెమ్మ ఇంట్ల పేరంటానికి ఆమెను పిలువలే!”

వాసుదేవ్ స్విచ్ ఆపేశాడు. చక్రం ఇంకా కొంతసేపు తిరిగి ఆగింది. “చక్రం అరిగిపోయింది. ఈడ పెట్టిపో. రేపు… రేపు నేనే తెచ్చిస్త,” అన్నాడు. ఆమె సరేనని, ఖాళీ చీర మడిచి చంకలో పెట్టుకుని బస్టాండు వైపు పోయింది. పోతూ పోతూ దండం పెట్టింది, కుడిచెయ్యి పూర్తిగా కలవక ఎడమచేతి మీద వాలింది.

ఆ పూట అతను ఇంకేమీ చెక్కలేదు. బల్ల మీద ఆ కుక్కర్ ఉంది, ఎవరైనా ధర అడుగుతారేమోనని కిందకు దించాడు, కాలికి తగులుతుంటే మళ్ళీ పైకి ఎత్తాడు. తను అబద్ధం ఆడలేదనీ, ఊరకే నిజం చెప్పలేదనీ ఇన్నాళ్ళూ తనకు తాను నచ్చజెప్పుకుంటూ వచ్చాడు. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో ఆ సగం ‘జ’ను చూస్తే తెలుస్తోంది. కేసు పోయిందంటే పెద్దవాళ్ళ గొడవ అనుకున్నాడు గాని, ఒక మనిషి తన తలకాయ మీద తనకే నమ్మకం పోగొట్టుకుని బజారున పోతుందని అనుకోలేదు. ఇంకొకామె నోరు మూసుకుని నింద మోస్తున్నదని అంతకన్నా అనుకోలేదు. ఎవరి కోసం మూసుకుంది?

దీపాల వేళ కమలమ్మ అంగడిలోకి వచ్చి కుక్కర్ చూసింది. అరిగిన చోట బొటనవేలు పెట్టి రుద్దింది.

“ఇది కూడ తుడుస్తున్నరా?”

అతను సూదుల డబ్బా తెరిచి, అడుగు నుంచి రసీదు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె విప్పి చూడను కూడా లేదు. “ఈడ ఉన్నదని నాకు ఎరుకే. ఊడ్చేటప్పుడు రోజు చూస్తున్న,” అని తిరిగి ఇచ్చేసింది.

“పన్నోళ్ళు వస్తే?”

“వస్తె నాకు సుత భయమే. నన్నడగకుండ్రి. అన్నం పెట్టేదాన్ని, ధైర్యం యాడికెంచి తెచ్చి పెట్టాలె?” గుమ్మం దాకా పోయి ఆగింది. “ఇంకోపారి జ్వరమని మాత్రం నా నోటితోని చెప్ప. అంతే.”

మర్నాడు ఆదివారం, అమావాస్య. ఆదివారం అమావాస్య కలిసివస్తే వాసుదేవ్ ఊరి పొలిమేర కూడా దాటడు. అలాంటిది పొద్దున్నే దీపం పెట్టి, నిమ్మకాయ కోసి, అంగడికి తాళం వేసి, చేతిసంచిలో కుక్కర్ పెట్టుకుని శక్తినగర్ బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. పొలాలు అయిపోయి పొగగొట్టాలు కనపడ్డాయి. దిగకుండా ఇదే బస్సులో వెనక్కి పోవచ్చుగదా అని కూడా అనిపించింది. కండక్టరు ‘క్వార్టర్స్ గేట్’ అని అరిచాడు. ఎవరో వెనక నుంచి తోస్తే దిగాడు.

క్వార్టర్లలో చెట్ల ఆకుల మీద, సైకిల్ సీట్ల మీద సన్నగా బూడిద పరుచుకుని ఉంది. అక్కడ ఎవరూ ఎండబెట్టుకునేవి బయట ఎండబెట్టరు. వెంకటరత్నమ్మ కూడా ముందుగదిలో నేల మీద గుడ్డ పరిచి, ఫ్యాను కింద మిరపకాయలు ఆరబోసుకుని తొడిమలు తీస్తోంది. పక్కింటి ఆవిడ వాకిట్లో నిలబడి వాసుదేవ్‌ను చూసి, చీపురు అక్కడే పడేసి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

“రండి అన్నయ్యగారూ. ఘాటుగా ఉంటుంది, ఆ కుర్చీ కాస్త అటు లాక్కోండి. మా ఆయన పొద్దుటి డ్యూటీకెళ్ళారు. వదినగారు బావున్నారా?” మంచినీళ్ళు తెచ్చిచ్చింది. మనిషి చిక్కిపోయింది.

వాసుదేవ్ నీళ్ళు తాగలేదు. సంచిలో నుంచి కుక్కర్ తీసి మిరపకాయల పక్కన పెట్టాడు. జేబులో నుంచి రసీదు తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టుకుని చదివింది. నవంబరు ఇరవై ఏడు దగ్గర ఆమె పెదవులు కదిలి ఆగాయి.

“ఇన్నాళ్ళూ ఇదెక్కడుందండీ?”

“నా దగ్గరనే. సూదుల డబ్బాల.” అతను కుర్చీలో ముందుకు వంగాడు. “అమ్మా, ఆ నాడు నాకు జ్వరం లేదు.”

“తెలుసు.”

అతను తల ఎత్తి చూశాడు.

“వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మీ చెప్పులు చూశాను. నిండా నల్లమట్టి, ఇంకా తడారలేదు. రాయచూరులో ఆ వేళ చినుకు పడలేదు. ఎక్కడో వాన పడ్డ ఊరికి పోయొచ్చి పడుకున్నారనుకున్నాను.” ఆమె మళ్ళీ మిరపకాయల దగ్గర కూర్చుంది. “మా నాన్నగారు కూడా అప్పులవాళ్ళు వస్తే అలాగే దుప్పటి కప్పుకునేవారు. నుదురు మీద చెయ్యేస్తే తెలిసిపోతుంది.”

“తెలిసీ ఎందుకు ఊకున్నరమ్మా? సమన్లు తీస్తె నేను రాక తప్పకపోవు గదా?”

“వకీలుగారూ అదే అన్నారు. కాగితం కూడా తయారుచేశారు. నేనే సంతకం పెట్టలేదు.” ఒక్కో తొడిమ తుంచి పక్కన పడేస్తూ చెప్పింది. “బోనులో నిలబెట్టి నిజం కక్కిస్తే మీ అంగడి మునుగుతుంది. అన్నయ్యగారూ అని పిలిచిన నోటితో మునిగిపొమ్మని ఎలా అంటాను? అంతకన్నా, మీరే వస్తారనుకున్నాను. ఇవాళ కాకపోతే వచ్చే వాయిదాకి. జడ్జిగారు లోపలికొచ్చేదాకా ప్రతిసారీ గుమ్మం వైపే చూసేదాన్ని. పక్కన జయాబాయి అడిగేది, ఎవరికోసం అక్కా అని.”

వాసుదేవ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అంగడి ముందుకు నలభై ఒక్కమందిని వెంటేసుకొచ్చి దుమ్మెత్తిపోసి ఉంటే ఇంత బరువు ఉండేది కాదు.

“నన్ను చూసి ఏడవకండి,” అంది ఆమె, ఆ మాటలో మొదటిసారి కటువు వినిపించింది. “నేనేం గొప్పపని చెయ్యలేదు. నలభై ఒక్కమంది నన్ను నమ్మి సంతకాలు పెడితే వాళ్ళ పరువు వదిలేసి మీ ఒక్కరి పరువు కాచాను. వాళ్ళు నన్ను పేరంటానికి పిలవకపోవడం న్యాయమే. డబ్బు తిన్నావా అంటే లేదంటాను, మరెందుకు పిలవలేదంటే ఏం చెప్పను? మీ జ్వరం గురించి చెప్పనా?”

ఫ్యాను గాలికి మిరపగింజలు గచ్చు మీద దొర్లుతున్నాయి. కుక్కర్ మీద అరిగిపోయిన చోటును ఆమె అప్పుడు చూసింది. వేలు పెట్టి, ఏమిటిదన్నట్టు చూసింది. అతను శనివారం సంగతంతా చెప్పాడు. జయాబాయి అడిగిన ప్రశ్న, తను చక్రం స్విచ్ వెయ్యడం, ఏదీ దాచలేదు. మిషన్ తెచ్చి, ఆ పేరు మళ్ళీ చెక్కి, దాని కింద డిసెంబరు తారీఖు వేసి, పక్కన తన పేరు కూడా చెక్కుతానన్నాడు. లైన్లోవాళ్ళందర్నీ పిలవండి, అందరి ముందు చెబుతానన్నాడు.

“దీన్ని ముట్టుకోకండి. చేసిన పాడు చాలు,” అంది వెంకటరత్నమ్మ. “పైకోర్టుకి పోవడానికి ముప్పై రోజులు గడువుంది. ఎవరూ కలిసిరారు, ఏ మొహం పెట్టుకుని అడగనని నిన్ననే వకీలుగారికి వద్దని చెప్పాను. మీరిది కాగితం మీద రాయండి. స్టాంపు పేపరు మీదకి రేపు ఆయన ఎక్కిస్తారు. ఇవాళ మాత్రం మీ చేత్తో రాయండి. రేపు మళ్ళీ ఏ ఊళ్ళో వాన పడుతుందో నాకేం తెలుసు?”

ఆమె లోపలికి పోయి గీతల కాగితాలు రెండు, అడుగున పెట్టుకోవడానికి పీట, కలం తెచ్చింది. అతను నేల మీద కూర్చుని పీట ఒళ్ళో పెట్టుకున్నాడు. బడిలో నేర్చింది కన్నడమే కనుక కన్నడంలోనే మొదలుపెట్టాడు. అలవాటుగా శ్రీకారం పెట్టాడు, తోక మాత్రం లాగలేదు. దీపావళి పాడ్యమి నాడు సామాను రాకముందే నలభై ఒక్క బిల్లులు తన చేత్తో రాశాననీ, వారంటీ కార్డుల మీద అదే తారీఖు వేశాననీ, కుక్కర్లు నవంబరు ఇరవై ఏడున అంగడికి చేరాయనీ, డిసెంబరులో తనే తెచ్చి ఇచ్చి పేర్లు చెక్కాననీ రాశాడు. కంపెనీ మనిషి రసీదు కాల్చెయ్యమన్నాడని రాశాడు. వాయిదా నాడు కవితాళలో ఉన్నాననీ, జ్వరం లేదనీ రాశాడు. ఆ వాక్యంలో ఒక్క అక్షరం కూడా చెడలేదు. జయాబాయి చెప్పిందంతా నిజమనీ, ఆమెకు మతి బాగానే ఉందనీ చివర రాశాడు. అది కోర్టుకు అవసరమో కాదో అతనికి తెలియదు.

సంతకం పెట్టాడు. సంతకం కింద తారీఖు దగ్గర కలం ఆగిపోయింది.

ఆమె చూస్తూనే ఉంది. “ఏమైంది?”

“ఈ పొద్దు అమాస, అమ్మా.”

“అయితే?”

“అమాస నాడు మా ఇంట్ల…” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఎన్నడూ రాయనివాడు రెండు పేజీలు అమావాస్య నాడే రాసి కూర్చున్నాడన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. రేపటి తారీఖు వేస్తే ఏమవుతుంది, ఒక్కరోజే కదా, వకీలు దగ్గరికి పోయేది కూడా రేపే కదా అని ముప్పై ఏళ్ళ అలవాటు చెవిలో గుసగుసలాడింది. ఎదురుగా నేల మీద సగం చెరిగిన పేరుతో కుక్కర్ ఉంది.

కలం ఆనించి ఆ రోజు తారీఖు వేశాడు. పక్కన ఆదివారం అని, దాని పక్కన అమావాస్య అని కూడా రాశాడు.

కాగితం ఆమెకు అందించాడు. వెంకటరత్నమ్మ మొదటి నుంచి చివరిదాకా చదివింది. చదవడం అయ్యాక లేచి, గోడకు వేలాడే క్యాలెండరు దగ్గరికి పోయి, ఆదివారం గడి మీద వేలు పెట్టి, గడిలో అంకెను, కాగితం మీద అంకెను ఒకదాని తర్వాత ఒకటి చూసింది. మళ్ళీ ఒకసారి చూసింది. “సరిపోయింది,” అని మడతపెట్టింది.

వాసుదేవ్ పీట పక్కన పెట్టి, అంతసేపటి నుంచి ముట్టని మంచినీళ్ళు తీసుకుని తాగాడు. ఆ వేలు ఆ గడి మీద నిలవడం అతని కళ్ళలోంచి పోలేదు. ఒకప్పుడు నలభై ఒక్క బిల్లులను తారీఖు చూడకుండా కళ్ళకద్దుకుని పుచ్చుకున్న మనిషి ఆమె.